పైకప్పులో సీతాఫలం

రంజాన్ నెల చివర, నెలవంక కోసం చూడాల్సిన రోజు ఉదయం, ఆ ఇంట్లో పనిచేసే రాయచోటి అమ్మాయి నాకు ఫోన్ చేసింది. ఇంతకుముందు ఏ అవసరమైనా నా భార్యకు చేసేది.

"సార్, దివానియాలో కార్పెట్ మీద తెల్ల పిండి రాలతాంది. ఊడ్సి ఇట్ల తిరిగేలోపల మళ్లా రాలతాంది. మామా నన్ను తిడతాండాది, కండ్లు యాడ పెట్టుకోని ఊడుస్తాండావు అని. పైనుంచి రాలతాంటే నేనేం జేసేది సార్, పైకెక్కి ఊడ్సల్నా?"

"గదిలో ఏ వైపు?"

"నడీ మధ్యన. అక్క చేయించిన పండ్ల దండ ఉండాది గదా, దాని కిందనే."

మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. ఆఫీసు దారి వదిలేసి కారు ఆ ఇంటివైపు తిప్పాను.

దివానియా అంటే ఇక్కడ, కువైట్ ఇళ్లలో, మగవాళ్లు కూర్చుని అతిథులను కలుసుకునే హాలు. ఈద్ రోజు పొద్దున్నే నమాజు అయ్యాక బంధువులూ స్నేహితులూ ఒక దివానియా నుంచి ఇంకో దివానియాకు వెళ్తూ శుభాకాంక్షలు చెప్పుకుంటారు. ఈ ఇంటి యజమాని పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకునేలోగా కొన్ని ఈద్‌లు ఆయన తలుపు తెరవకుండానే గడిచిపోయాయి. ఈసారి తెరుస్తున్నానని ఊరందరికీ చెప్పుకున్నాడు. సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడే ఈద్. కనిపించకపోతే ఇంకొక్క రోజు చేతిలో ఉంటుంది.

ఆ హాలు పైకప్పు నా భార్య చివరి పని. ఆమె ఇంటీరియర్ డిజైనర్. చలికాలంలో పోయింది. నేను సివిల్ ఇంజనీరును. నా ఉద్యోగం వంతెనలతో. ఇళ్ల అలంకరణ సంగతి నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు. ఆమె పోయాక యజమాని మా ఫ్లాటుకు వచ్చి, వెళ్లేటప్పుడు, "మిగిలిన కొంచెం పని నువ్వు చూడు, ముహందిస్," అన్నాడు. ఇక్కడ ఇంజనీరును అలాగే పిలుస్తారు. మిగిలింది రంగులూ దీపాలూ మాత్రమే. ఒప్పుకున్నాను. బ్నీద్ అల్ గార్‌లో మా ఫ్లాటులో ఒక్కడినే కూర్చోవడం కంటే, ఆమె చేయించిన దాని కింద సాయంత్రం ఓ అరగంట నిలబడటం తేలికగా ఉండేది.

ఆ ఉదయం హాల్లోకి వెళ్లేసరికి ఏసీ పూర్తి చలితో నడుస్తోంది. కార్పెట్ మధ్యలో నిజంగానే పిండి ఉంది. వేళ్లతో నలిపి చూశాను. జిప్సం. చెప్పులు విప్పి, కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని, టార్చి పైకి వేశాను.

పైకప్పు నడుమ జిప్సంతో పోసిన పెద్ద గుండ్రటి దండ. ఆకులు, ద్రాక్షలు, ఆపిళ్లు, పియర్ పండ్లు. నాలుగు మూలలా నలుగురు పసిపిల్లల బొమ్మలు. దండకూ పైకప్పుకూ మధ్య వెంట్రుక మందాన నల్లటి గీత చుట్టూ తిరిగి వచ్చింది. కొన్నిచోట్ల గీత పక్కన రంగు కొత్తగా, మరీ తెల్లగా ఉంది. ఎవరో అప్పటికే పూడ్చారు. పూడ్చిన చోటే మళ్లీ పగిలింది.

అలా పడుకుని ఉండగా ఆమె గుర్తొచ్చింది. ఆమె కూడా ఒకసారి ఇలాగే పడుకుంది, వేరే దేశంలో, దీనికి మూలమైన పైకప్పును చూడటానికి.

అది స్వీడన్‌లో ఒక సరస్సు ఒడ్డున ఉన్న తెల్లటి కోట. పేరు చెప్పినా ఇక్కడ ఎవరికీ గుర్తుండదు. నాలుగు మూలలా నాలుగు బురుజులు, మధ్యలో ముంగిలి. పదిహేడో శతాబ్దంలో ఒక సేనాపతి కట్టించాడు. యుద్ధాల్లో గెలిచిన ఊళ్ల నుంచి బళ్లకొద్దీ పుస్తకాలు, చిత్రపటాలు, తివాచీలు తెచ్చుకున్నవాడు. ఈ ఇంటి యజమాని ఎప్పుడో వ్యాపారం మీద అటు వెళ్లినప్పుడు ఎవరో తీసుకెళ్లి చూపించారట. అక్కడి ఒక గది పైకప్పు ఆయన మనసులో ఉండిపోయింది. దివానియాకు అదే కావాలన్నాడు. ఫోటోలు చాలు కదా అన్నాను నేను. నా భార్య వినలేదు. "ఫోటోలో లోతు ఎట్లా తెలుస్తుందండీ? మీరు వంతెనను ఫోటో చూసి కడతారా?" అంది. సెలవు పెట్టి ఇద్దరం వెళ్లాం.

వసంతం అన్నారు గానీ ఆ కోటలో చలి ఎముకల్లోకి దిగింది. ఆ గదులను వెచ్చబెట్టే ఏర్పాటు ఏ కాలంలోనూ లేదట, ఇప్పటికీ లేదు. కరెంటు దీపాలు కూడా లేవు. కిటికీ వెలుగులోనే చూడాలి. చూడటానికి వచ్చినవాళ్లు కోట్లు విప్పరు. గోడలకు బంగారు పూత వేసిన తోళ్లు తాపడం చేశారు. ఆ తోలు నల్లబడి పాత జీను వాసన వస్తోంది. మనిషి నడుము ఎత్తున పరుపులున్న మంచాలు, వాటి చుట్టూ తెరలు. సేనాపతి ఈ ఇంట్లో గడిపిన రోజులు తక్కువేనని గైడు చెప్పింది. ఆయన ఎప్పుడూ వేరేచోట ఉండేవాడు. ఇది వచ్చినవాళ్లు చూడటానికి.

నాకు అలంకారం మీద నమ్మకం తక్కువ. ఆ గదుల్లో నాకు కనిపించింది దోచుకున్న సామాను, దాన్ని కప్పిన పూలు. నా భార్యకు ఆ చరిత్ర నాకంటే బాగా తెలుసు. అయినా పైకప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ సేనాపతి ఆమెకు కనిపించలేదు. ఆ దేశానికి దక్షిణాన ఉన్న దేశాల నుంచి వచ్చిన పనివాళ్లు పరంజాలెక్కి, పడుకుని, సున్నమూ ఇసుకా జుట్టూ కలిపిన ముద్దను చేత్తో ఆకుగా పండుగా మలిచారట. ఆకు వెనక అరచేయి దూరేంత లోతు. గైడును అడిగి, ఆవిడ నవ్వుతూ ఒప్పుకున్నాక, కోటుతోనే నేలమీద పడుకుని చాలాసేపు చూసింది. ఒక పసిపిల్లాడి బొమ్మకు చిటికెనవేలు విరిగిపోయి ఉందని ఆమే కనిపెట్టింది.

పై అంతస్తులో ఒక పెద్ద హాలు ఉంది. విందుల కోసం మొదలుపెట్టింది. పని మధ్యలో సేనాపతి చనిపోయాడు. పనివాళ్లు ఆ ఏడు వెళ్లిపోయి మళ్లీ రాలేదు. వారసులు పట్టించుకోలేదు. గోడలకు ఇటుకలు బయటికి కనిపిస్తున్నాయి. ఆనాటి పనిముట్లు కొన్ని ఇంకా ఆ కోటలోనే ఉన్నాయి. అక్కడ నేను మిగతా గదుల్లోకంటే ఎక్కువసేపు నిలబడ్డాను. కోట మొత్తంలో నాకు నచ్చింది ఇదొక్కటే అన్నాను.

"నచ్చదా మరి," అంది. "మీకు పని ఆగిపోయిన గదే నచ్చుతుంది, అయ్యగారూ."

టార్చి ఆర్పి లేచి కూర్చుని, సబ్హాన్‌లో వర్క్‌షాపు నడిపే మేస్త్రికి ఫోన్ చేశాను. జిప్సం పని అంతా అతనిదే. కడప మనిషి. ఇద్దరు మనుషులతో గంటలో వచ్చాడు. పైకప్పు చూడకముందే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏసీ ఏసినాక పగిలింది సార్. కొత్త జిప్సం గదా, ఆ చల్లగాలికి ఎండి రవ్వంత ఇడుస్తాది. రెండుసార్లు లప్పం పెట్టినా. ఇంగోసారి పెడితే సరిపోతాది."

"రెండుసార్లు పెట్టావా? నాకు చెప్పలేదే?"

"మీరే దుక్కంలో ఉండారు. గీతకూ గీటుకూ మిమ్మల్ని ఏం పిలిసేది అనుకున్యా."

ఎండి పగిలితే ఒకసారి పగులుతుంది. పూడ్చిన చోటే మళ్లీ మళ్లీ పగిలిందంటే అక్కడేదో కిందికి దిగుతోంది. ఆ మాట పైకి అనలేదు. అంటే అది ఆమె పైకప్పు గురించి అన్నట్టు అవుతుంది.

వంతెనల కింద పగుళ్లు కదులుతున్నాయో లేదో చూడటానికి మేం చేసే పాత పద్ధతి ఒకటుంది. పగులుకు అడ్డంగా పల్చటి అద్దం ముక్క పెట్టి, రెండు చివర్లా అతికిస్తాం. పగులు కదలకపోతే అద్దం అలాగే ఉంటుంది. కదిలితే విరుగుతుంది. అద్దం అబద్ధం చెప్పదు. ఇంట్లో పల్చటి గాజు ఏముందని అడిగితే, రాయచోటి అమ్మాయి తన గదిలోంచి చిన్న గుండ్రటి అద్దం తెచ్చింది.

"దీన్ని పగలగొడతారా సార్? పండగ ముందర?"

"కోస్తాం. పగలకపోతే మంచిది."

"పగిలితే?"

"కొత్తది కొనిస్తాను."

"అద్దం సంగతి కాదు సార్ నేనడిగేది," అంటూ పైకి చూసింది.

మేస్త్రి ఆ అద్దాన్ని పట్టీలుగా కోశాడు. పరంజా ఎక్కి దండ చుట్టూ నాలుగుచోట్ల అతికించాం. ఏసీ ఆపించాను. ఇక చేయగలిగింది కనిపెట్టుకుని ఉండటమే.

మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత యజమాని వచ్చాడు. ఉపవాసంతో పెదవులు ఎండిపోయి ఉన్నాయి. చేతిలో జపమాల. ఆయన తరం కువైటీలలో చాలామందికి బొంబాయి హిందీ వచ్చు. మా మాటలు ఆ హిందీలోనూ, కొంత ఇంగ్లీషులోనూ నడిచేవి. పరంజాను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"శినూ హాదా, ముహందిస్? ఏమిటిది? రేపు నా వాళ్లు వస్తారు."

"పగులు వచ్చింది. ప్రమాదమా కాదా అని చూస్తున్నాం."

"ప్రమాదం ఎందుకు? మేడమ్ గట్టిగా ఉంటుందని చెప్పింది. నేను స్వయంగా సబ్హాన్ వెళ్లి తట్టి చూశాను. రాయిలా మోగింది."

రాయిలా అన్నాడు. నా భార్య గీసిన దండ రాయిలా మోగడానికి వీల్లేదు. ఆమె డ్రాయింగులు నేను చూశాను. వెనకవైపు డొల్లగా, పెంకులా పల్చగా ఉంటుంది. బరువు తగ్గడానికే అలా గీసింది. మేస్త్రివైపు చూశాను. అతను తాపీని గుడ్డతో తుడవసాగాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న తాపీని.

యజమాని లోపలికి వెళ్లాక అడిగాను.

"తట్టినప్పుడు ఏమైంది?"

"ఏమైతాది సార్. మొదటి ముక్క పోసి సూపిస్తిమి. ఆయప్ప ఏలు మడిసి టకటకా కొట్టినాడు. డొల్లగా మోగె. 'ఇది కార్టన్, ఉత్త అట్ట. నా దివానియాకి కార్టన్ పెడతారా, వచ్చినోళ్లు తట్టి సూస్తే నా మొగమేం గావల్ల' అనినాడు. ఎనకంతా నింపితిమి. మళ్లా కొట్టినాడు. నవ్వినాడు. ఖలాస్."

"కొక్కేలు పెంచావా? తీగలు?"

"డ్రాయింగ్‌లో ఎన్నుండాయో అన్నే."

"ఆమెకు తెలుసా?"

"అమ్మ ఆసుపత్రిలో ఉన్యారు. ఫోటో పంపితి. బాగుండాదని పెట్టినారు."

"వెనకవైపు ఫోటోనా, ముందువైపుదా?"

"ముందుదే సార్. ఎనకపక్క ఫోటో ఎవరు తీస్తారు?"

అతని మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే సులువుగా ఉండేది. ఎవరి పని వాళ్లు చేశారు. యజమాని పరువు చూసుకున్నాడు. మేస్త్రి యజమాని నవ్వు చూసుకున్నాడు. ఆమె పడక మీదనుంచి ఫోన్‌లో తన ఆకులూ పండ్లూ చూసుకుంది. ఆమె లెక్క కట్టిన తీగలు మాత్రం ఎవరూ చెప్పని బరువు మోస్తూ అక్కడ వేలాడుతున్నాయి. దాని కింద మర్నాడు పొద్దున మనుషులు వరసగా కూర్చుని ఖర్జూరాలు తింటారు, కాఫీ తాగుతారు.

యజమాని మళ్లీ వచ్చినప్పుడు దించాలని చెప్పాను. మధ్య దండ ఒక్కటే. మిగతాది పల్చనిదే, దానికేం భయం లేదు.

"ఒక్క పొద్దు, ముహందిస్. ఒక్క పొద్దు ఆగలేదా అది? ఇన్షా అల్లా ఏమీ కాదు. పండగ అయ్యాక నీ ఇష్టం."

"ఎవరి నెత్తిమీదైనా పడితే?"

"కింద ఇనప స్తంభాలు నిలబెట్టు."

"హాలు మధ్యలోనా?"

ఆయనే తల అడ్డంగా ఊపాడు. "లేదు, లేదు. నా అతిథులు సబ్హాన్ గోదాములో కూర్చున్నట్టుంటుంది."

ఆయన జపమాల పూసలు చప్పుడు చేస్తూ కదిలాయి. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఇది నీ భార్య పని. నువ్వే పడగొడతానంటున్నావు. నీకేం అనిపించడం లేదా?"

నాకు అద్దాలు విరగకూడదని ఉంది. ఆయనకంటే ఎక్కువగా ఉంది. ఏ ఒక్కటీ విరగకపోతే, ఈ ఉదయం పడ్డ భయమంతా నాదేనని ఒప్పుకుని, మేస్త్రితో ఇంకో పూత లప్పం పెట్టించి ఇంటికి వెళ్లిపోదామని ఉంది. అది చెప్పలేదు. "అద్దాలు చూద్దాం," అన్నాను.

సాయంత్రపు అసర్ నమాజు వేళకు పరంజా మీద కూర్చుని ఉన్నాను. కింద మేస్త్రి మనుషులు గోడకు జారగిలబడి కునుకుతున్నారు. ఎదురుగా ఉన్న అద్దం పట్టీలో నా చొక్కా గుండీ ఒకటి కనిపిస్తోంది. చూస్తుండగానే ఆ గుండీ రెండైంది. చప్పుడు వచ్చిందో లేదో కూడా చెప్పలేను. పట్టీ మధ్యన సన్నటి గీత. రెండోవైపు పాకుతూ వెళ్లి చూస్తే అక్కడి పట్టీ ఎప్పుడు విరిగిందో ఏమో, అప్పటికే విరిగి ఉంది.

"అందరూ బయటికి నడవండి," అన్నాను. కునుకుతున్నవాళ్లు లేవలేదు. రెండోసారి అరిచాను.

యజమాని ఈసారి వాదించలేదు. విరిగిన పట్టీని అరచేతిలో పెట్టి చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ముఖంలో భయం లేదు. సిగ్గు ఉంది. "మధ్యలో కాంక్రీటు కనబడుతూ ఉంటే జనం ఏమంటారు? డబ్బు చాలక ఆపాడంటారు."

అప్పుడే కోటలోని ఆ పూర్తికాని హాలు గుర్తొచ్చింది నాకు.

"మీరు చూసిన కోటలో పై అంతస్తుకు ఎక్కారా?"

"మోకాళ్లు. కిందనుంచే వచ్చేశాను."

చెప్పాను. సేనాపతి పోవడం, పనివాళ్లు రాకపోవడం, ఇటుకలు, పనిముట్లు. ఆయన చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"ఎవరూ పూర్తి చేయలేదా? ఇన్ని వందల ఏళ్లలో?"

"లేదు. జనం టికెట్ కొని చూస్తారు."

మొదట నమ్మలేదు. తర్వాత పెద్దగా నవ్వాడు. ఉపవాసం వేళ ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. "టికెట్ కొని! యల్లా, ముహందిస్. దించు."

దండ ఒకే ముక్క కాదు. కొన్ని ముక్కలుగా పోసి, పైన అతుకులు కనిపించకుండా కలిపింది. స్లాబులో పాతిన కొక్కేలకు తీగలతో కట్టి, ఆ తీగల చుట్టూ జిప్సంలో ముంచిన జనపనార చుట్టారు. షాండ్లియర్ ఇంకా రాలేదు గనుక దాని కోసం స్లాబులో బిగించిన పెద్ద కొక్కెం ఖాళీగా ఉంది. దానికి బరువులు దించే గొలుసు కప్పీ, చైన్ బ్లాకు, తగిలించాం. దివానియా పరుపులన్నీ తెచ్చి కింద పేర్చమంటే, రాయచోటి అమ్మాయి వాటిని మోస్తూ, "మామాకి తెలిస్తే నన్ను ఊరికి పంపిస్తాది," అంది. తెచ్చింది మాత్రం అన్నిటికంటే మెత్తనివే.

మొదటి ముక్కలు సవ్యంగానే దిగాయి. అతుకు కోయడం, తాడు కట్టడం, బరువు గొలుసు మీదికి వచ్చాక తీగ కత్తిరించడం. ముక్క గాల్లో మెల్లగా తిరుగుతూ కిందికి పోయేది. పరుపు మీద కూర్చున్నప్పుడు కొంచెం దుమ్ము లేచేది. ఒక్కో ముక్క ఒక మనిషి బరువుంది. గీసినప్పుడు ఆమె అనుకున్నదానికి అది ఎన్నింతలో ఇక లెక్క కట్టదలచుకోలేదు.

కిటికీ బయట ఎండ పచ్చబడింది. ఇంకా ఒక పక్క మిగిలి ఉంది. మేస్త్రి అతుకులో రంపం పెట్టాడో లేదో ముక్క దానంతటదే ఒకవైపు ఒరిగింది. తాడు ఇంకా కట్టలేదు. అతను కూర్చున్నచోటినుంచి లేచి భుజం ఆనించాడు.

"సార్! పట్టుకోండి! బిన్నా!"

పరంజా పలకల మీద రెండు అంగల్లో అటు చేరి రెండు చేతులతో, ఛాతీతో దాన్ని పైకి తోశాను. మా ఇద్దరి కాళ్ల కింద పలకలు కిర్రుమన్నాయి. పరంజా పక్కకు ఊగి నిలబడింది. కింద ఎవరో ఏదో దేవుణ్ణి పిలిచారు. నా కళ్లకు ఎదురుగా, జానెడు దూరంలో, ఈ ముక్కను మోయాల్సిన తీగ కొక్కేనికి ఊరికే వేలాడుతోంది. దాని చివరన జిప్సం పెళ్ల తప్ప ఏమీ లేదు. తీగ ఎప్పుడో ఊడిపోయింది. కాస్త నారా, పక్క ముక్కల ఒరిపిడీ, పగులులో దూర్చిన లప్పమూ, వీటి మీద నిలిచి ఉంది ఇంతసేపూ. పొద్దున నేను దాని కిందే వెల్లకిలా పడుకున్నాను.

మేస్త్రి మనిషి తాడు చుడుతున్నాడు. నేను ముఖం పక్కకు తిప్పుకోలేను. చెంపకు ఏదో గరుకుగా ఆనింది. ఆపిల్ కాదు, ద్రాక్ష కాదు. గుండ్రంగా, ఒంటినిండా కళ్లు. కళ్ల మధ్య సందులు. ఒక కన్ను కొంచెం నలిగి ఉంది, బాగా పండిన కాయను గట్టిగా పట్టుకున్నప్పుడు నలిగినట్టు. ఆ ఉత్తరదేశపు కోటలో ఇలాంటి పండు ఉండే అవకాశమే లేదు.

"ఇదేంటి?" అన్నాను, ఆ బరువు కిందే.

"సీతాఫలం సార్," అన్నాడు మేస్త్రి, పళ్లు బిగించి. "అమ్మే బజార్లో కొని తెచ్చిచ్చినారు. దీని అచ్చు తీసి ఆకుల్లో పెట్టమని. అచ్చు తీసినాక మేం తినేసినాం."

అతను నవ్వాడు. నవ్వితే భుజం జారుతుందని నేను తిట్టాను. గొలుసు బిగిసింది. బరువు మా మీదినుంచి పోయింది.

ఆ ముక్క కిందికి వెళ్తుంటే చూశాను. నాకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నేను ఏమంటానో ఆమెకు తెలుసు. నలుగురు పసిపిల్లలకూ చిటికెనవేళ్లు లేకుండా పోయడానికి ఒప్పుకున్నదీ ఆమే. అచ్చు ఆ విరిగిన బొమ్మను చూసి తయారైంది, దాంతో నలుగురికీ ఒకే వేలు లేకుండా పోయింది. మేస్త్రి కంగారుపడి మళ్లీ పోస్తానంటే, "అసలువాడికే లేదు, వీళ్లకెందుకు," అందట. అది అసలుకు విధేయత అనుకున్నాను. విధేయతకు సీతాఫలం ఎక్కడిది? నాకు తెలిసిన మనిషి పనిలో నాకు తెలియని అల్లరి అది.

చివరి ముక్క దిగేటప్పటికి మగ్రిబ్ అజాన్ మొదలైంది. యజమాని గుమ్మంలో నిలబడే ఉపవాసం విడిచాడు. ఖర్జూరాల పళ్లెం తనే పట్టుకుని పరంజా దగ్గరికి వచ్చి పైకి చాపాడు. మా చేతులు పిండితో తెల్లగా ఉన్నాయి. అలాగే తిన్నాం. లోపల టీవీలో నెలవంక వార్త కోసం అందరూ చూస్తున్నారు. కాసేపటికి రాయచోటి అమ్మాయి పరుగున వచ్చి, "కనపడిందంట సార్, రేపే!" అంది. వెంటనే కార్పెట్ చూసి తల పట్టుకుంది. "ఇదంతా నేనే ఊడ్సల్ల గదా."

అందరం కలిసి ఊడ్చాం. ముక్కలను యజమాని కబ్ద్‌లో తన తోటకు పంపిస్తానన్నాడు. సీతాఫలం ఉన్న ముక్క అడిగి తీసుకోవచ్చు. అడగలేదు. ఫ్లాటులో దాన్ని ఎక్కడ పెట్టినా అది ఏదో ఒక ప్రదర్శన అవుతుంది.

ఈద్ పొద్దున నన్ను రమ్మన్నాడు. తెల్లటి దిష్‌దాషా అంగీలలో మనుషులు వస్తున్నారు, చెంపలు ఆనించి పలకరించుకుంటున్నారు, కూర్చుంటున్నారు. కూర్చున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పైకి చూస్తున్నారు. పూలూ ఆకులూ నలుగురు పిల్లలూ, నడుమ బూడిదరంగు కాంక్రీటు వలయం, దాంట్లో వరసగా ఖాళీ కొక్కేలు. అడగకముందే యజమాని చెబుతున్నాడు. అసలు కోటలో కూడా ఒక హాలు ఇలాగే ఉందని, వందల ఏళ్లుగా అలాగే ఉంచారని, టికెట్ పెట్టారని. చెప్పేకొద్దీ కథ పెరిగింది. మధ్యాహ్నానికి, మేడమ్ కావాలనే అలా వదిలేసింది అన్నాడు. ఎవరో తల ఆడించి, "ఆమె ఎక్కడ?" అని అడిగారు. యజమాని నావైపు చూసి గొంతు తగ్గించాడు. అడిగినాయన నన్ను చూసి, తర్వాత పైకి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు.

నాకు ఆ చూపు భరించరానిదైంది. ఆ కథ చెప్పి దండ దింపించింది నేనే. నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఇప్పుడు ఆమె చావే పైకప్పు నడుమ పెట్టిన పువ్వులా ఉంది. ఏటేటా ఎవరో ఒకరు దాని కింద కూర్చుని తల ఆడిస్తారు.

జనం పలచబడ్డాక యజమాని దగ్గరికి వెళ్లాను. పండగ సెలవులు అయ్యాక ఆ వలయాన్ని మూసేస్తానన్నాను.

"ఎందుకు? అందరికీ నచ్చింది."

"అక్కడ కట్టించినాయన పోయాడు, పని చూసుకునేవాళ్లు లేక అలా ఉండిపోయింది. ఇక్కడ నేనున్నాను."

జపమాల పక్కన పెట్టి నన్ను చూశాడు. కొత్త దండ పోయిస్తావా అని అడిగాడు. వద్దు, ఉత్త పూత, అన్నాను. ఆయనకు ఇష్టం లేదు. కాఫీ చిన్న కప్పులో పోసి నా చేతికిచ్చి, "ఖలాస్, ముహందిస్. నీ పని," అన్నాడు.

సెలవుల తర్వాత మేస్త్రి వచ్చాడు. కొక్కేలు కోసేశాడు. షాండ్లియర్‌ది మాత్రం ఉంచాడు. కాంక్రీటు తడిపి, స్లాబుకే అంటుకునేలా జిప్సం పూత వేశాడు. ఆకుల మధ్య నున్నటి తెల్లటి గుండ్రం మెల్లగా పూర్తవుతోంది. నేను కింద నిలబడి ఉన్నాను. తాపీ ఆపి అతను కిందికి చూశాడు.

"ఏం పెట్టొద్దా సార్? ఒగ చిన్న పువ్వైనా?"

"వద్దు."

"రవ్వంత గీతైనా, సుట్టూ?"

"వద్దు. నున్నగా వదిలెయ్."

పూత ఆరేదాకా పరంజా మీదే బీడీ లేకుండా కూర్చుని ఇబ్బందిపడ్డాడు. తర్వాత మెల్లగా వేలు మడిచి పైకి తట్టాడు. రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"సార్," అన్నాడు. "ఇప్పుడు మోగతాంది సూడండి రాయిమాదిరి."